సగం దగ్గర ఆగిన ముల్లు

పోయిన వారం ఒదీల్‌ను ఒక టార్పాలిన్ ముందు నోరు తెరిపించి నిలబెట్టి మనం హాయిగా పేజీ తిప్పేసుకున్నాం. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉందనుకుంటే పొరపాటు. ఒదీల్ నోరు తెరిచి నిలబడే రకం కాదు. ఆమె నోరు తెరిచిందంటే నిలబడలేనిది ఎదుటివాళ్ళు.

కొత్తగా బండెక్కినవాళ్ళ కోసం వెనకద్దంలో ఒక చూపు చూద్దాం. ఒదీల్ వెలెట్‌కు యాభై ఎనిమిదేళ్ళు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, నది దాటితే కెనడా అనే లోయలో, పల్లెదారుల్లో ఉత్తరాలు బట్వాడా చేస్తుంది. రోజుకు అరవై రెండు మైళ్ళు, నాలుగు వందల పన్నెండు డబ్బాలు, సొంత కారు. ఆ కారు పేరు మెమేర్. అక్కడి ఫ్రెంచివాళ్ళు అమ్మమ్మను పిలిచే పిలుపది. వయసు పదిహేనేళ్ళు, తిరిగింది రెండు లక్షల తొంభై ఆరు వేల మైళ్ళు. అన్ని మైళ్ళు తిరిగాక ఎవరికైనా కొంత మైల అంటుతుంది. మెమేర్‌కు అంటింది తుప్పు.

"మార్చెయ్యవమ్మా" అని ఊరంతా చెవిలో పోరు పెడుతుంటే, వేసవికి ముందు చర్చి హాల్లో బీన్స్ విందు జరుగుతుండగా ఒదీల్ గరిటె పట్టుకుని లేచింది. "ఈ కారు ఆగిన రోజే నేనూ ఆగుతాను. ఆ మర్నాటి నుంచి మీ ఉత్తరాలు మీరే తెచ్చుకోండి" అని ప్రకటించేసింది. పూర్తి పింఛనుకు ఇంకా ఏడాదిన్నరకు పైగా ఉందన్న సంగతి కూర్చున్నాక గుర్తొచ్చింది. అప్పటికి గరిటె దించింది గానీ మాట దించలేదు. ఒదీల్ అని పేరు పెట్టుకుని ఏదీ ఒదలదు. మమకారంలోనూ కారుంది, అహంకారంలోనూ కారుంది. ఆవిడకు ఆ రెండూ ఉన్నాయి, కారు మాత్రం ఒక్కటే. ఇప్పుడు పింఛనుకు పద్నాలుగు నెలలుంది. ఆలోపే మెమేర్ ఆగితే మాటైనా పోవాలి, పింఛనైనా పోవాలి.

పోయిన బుధవారం ఆయిల్ మార్పించడానికి మరిది నోర్మాన్ గ్యారేజీకి వెళ్ళింది. "వదినా, హెడ్ గ్యాస్కెట్ పోతోంది, ఇంజను కాగుతోంది. మంచు పడకముందే బండి మార్చు. నా దగ్గర ఒకటుంది. సోమవారం లోపల చెప్పు, వేరేవాళ్ళు అడుగుతున్నారు" అన్నాడతను. వేరేవాళ్ళు అడుగుతున్నారన్న మాట వినగానే వదినగారి అనుమానానికి స్టార్టరు నొక్కినట్టయింది. గ్యారేజీ వెనక్కి వెళ్ళి టార్పాలిన్ ఎత్తి చూసింది. కుడివైపు స్టీరింగున్న తెల్ల వ్యాను. మన వీధుల్లో వద్దన్నా గుద్దే కుడి స్టీరింగు ఆ లోయలో పదేళ్ళకోసారి దర్శనమిస్తుంది. ఆ స్టీరింగుకు దారంతో కట్టిన చీటీ, దాని మీద నోర్మాన్ దస్తూరీ: "ఒదీల్‌ది. ఆగస్టు 14."

ఆమె కారుకు జబ్బుందని అతను చెప్పింది అక్టోబరు చివర. జబ్బు బయటపడకముందే రెండున్నర నెలల కిందట మందు కొని దాచాడన్నమాట!

అనుమానం లీటరుకు ఎన్ని మైళ్ళు ఇస్తుందో ఏ కంపెనీవాడూ చెప్పలేదు గానీ, ఒదీల్ ఆ ఒక్క చీటీ పోసుకుని గురువారం, శుక్రవారం ఏకధాటిగా నడిపేసింది. నోర్మాన్ భార్య మొలాసిస్ అనే నల్లబెల్లం పాకంతో చేసిన గారెలు పంపిస్తే మూత తీసి వాసన చూసి పక్కన పెట్టింది. ఏడాదికోసారి కూడా ఇవి పంపని మనిషికి ఇవాళ ఎందుకంత ప్రేమ? తన భర్త రోజేర్ శుక్రవారం పొద్దున ఉతికిన చొక్కా తొడుక్కుంటే అదీ అనుమానమే. పేపరు మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేసి ఇప్పుడు ఇంట్లో పేపరుతో కాలం గడుపుతున్న రోజేర్, రోజూ వేసుకునేది ఒకటే చొక్కా. ఆ రోజు చొక్కా మార్చాడంటే రోజేర్ ఏదో మార్చబోతున్నాడు.

శనివారం బట్వాడా ముగించుకుని మధ్యాహ్నం మూడింటికి ఒదీల్ నేరుగా గ్యారేజీకి పోనిచ్చింది. ఒకప్పుడు బంగాళాదుంపలు నిలవచేసిన కొట్టం అది, సగం నేలలో పాతుకుని ఉంటుంది. నోర్మాన్ దాన్ని గ్యారేజీ చేశాడు గానీ లోపల ఇప్పటికీ దుంపల వాసనే. వాలు దిగి తలుపు నెట్టేసరికి లోపల ఇద్దరి మాటలు టక్కున ఆగిపోయాయి. పీపా మీద కూర్చుని కాఫీ తాగుతున్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ రోజేర్! ఉతికిన చొక్కాలో!

"నువ్వేంటిక్కడ?" అంది ఒదీల్.

"ఊరికే. తమ్ముడు కదా అని."

"నీకు తమ్ముడున్నాడని యాభై ఏళ్ళ నుంచి తెలుసు. ఇవాళే గుర్తొచ్చాడేం?"

రోజేర్ కాఫీలో మొహం పెట్టాడు. మొహం పట్టేంత పెద్ద కప్పే అది.

నోర్మాన్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. పేరులోనే నోరున్నవాడు. వాడకం కూడా దండిగానే ఉంటుంది. "రా వదినా, రా. సరిగ్గా సమయానికి వచ్చావు. కాఫీ పొయ్యనా?"

"దాంట్లో ఏం కలిపావు?"

"పాలు."

"ఎప్పుడు కలిపావు, ఆగస్టులోనా?"

నోర్మాన్ అన్న వైపు చూశాడు. అన్న కప్పులోకి చూశాడు. ఒదీల్ ఇద్దరి చూపులూ ఎక్కడెక్కడ పడ్డాయో చూసి, చిరునామా రాసుకున్నంత జాగ్రత్తగా మనసులో రాసుకుంది.

"వెనకాల టార్పాలిన్ ఎత్తావా?" అన్నాడు నోర్మాన్.

"ఎత్తాను. దింపాను కూడా. ఇప్పుడు నీ ముసుగు ఎత్తుదామని వచ్చాను. ఆగస్టు పద్నాలుగున నా పేరు రాసి వ్యాను దాచావు. అప్పటికి నా కారుకు ఏ రోగమూ లేదు. నిన్నగాక మొన్న గ్యాస్కెట్ పోయిందని చెప్పావు. ముందు శవపేటిక కొని, ఆనక మనిషికి జ్వరం అంటగడితే దాన్నేమంటారు నోర్మాన్?"

"వదినా, జ్వరం నేను అంటగట్టలేదు. నిజంగానే ఉంది."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను. నడిపి చూశాను. ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వెళ్ళింది."

ఒదీల్ నవ్వింది. ఆ నవ్వు విని రోజేర్ కప్పు కింద పెట్టేశాడు. ఇంట్లో ఆ నవ్వు తర్వాత సాధారణంగా ఏదో ఒకటి పగులుతుంది.

"ముల్లా? నాకు చెబుతున్నావా ముల్లు సంగతి? వారానికి ఆరు రోజులు, రోజుకు ఆరు గంటలు ఆ ముల్లు నా కళ్ళముందే ఉంటుంది. మొగుడి మొహం కూడా అంతసేపు చూడను."

"అది నిజమే" అన్నాడు రోజేర్.

"నువ్వు మాట్లాడకు. ఎండాకాలం చూశాను, కొండ ఎక్కేటప్పుడు చూశాను, క్రిస్మస్ పార్సెళ్ళతో వెనక టైర్లు నేలకు ఆనేటప్పుడు చూశాను. సగం దాటలేదు. సగం అంటే సగమే! నువ్వు నాకో పాత వ్యాను తగిలించాలని ముల్లును కూడా అబద్ధమాడిస్తున్నావు. మెకానిక్కువి కదా, మెక్కడం నీ పేరులోనే ఉంది!"

నోర్మాన్‌కు చెవులు ఎర్రబడ్డాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆ లోయలో సగం బండ్ల బానెట్లు అతనే ఎత్తాడు. ఇప్పటిదాకా ఎవరూ దొంగ అనలేదు, అందులోనూ సొంత వదిన. గుడ్డ తీసి బల్ల మీద కొట్టాడు. "నువ్వు మాత్రం నాకు నిజం చెప్పావా? జూలైలో అడిగాను, ఏమన్నా కాగుతోందా అని. లేదన్నావు. సెప్టెంబరులో అడిగాను. లేదన్నావు. ఎర్రగీత దగ్గర ముల్లు పెట్టుకుని లేదు లేదు అంటుంటే నేనేమనుకోవాలి?"

"అంటే నేను అబద్ధమాడానంటావా?"

"నేను దొంగనంటావా?"

పీపా మీది రోజేర్ గొంతు సవరించుకున్నాడు. అతని గొంతు సవరణలకు ఆ ఇంట్లో ఎప్పుడూ ఆమోదం దొరకదు కాబట్టి మళ్ళీ మింగేశాడు.

"సరే. నడుపు. నా ముందు నడుపు. నువ్వు ఎలా నడుపుతావో అలాగే. నేను వెనక కూర్చుంటాను" అన్నాడు నోర్మాన్.

"నడుపుతాను. ఆయన్నీ ఎక్కించు, సాక్షి కావాలి నాకు."

"నాకెందుకు?" అన్నాడు రోజేర్.

"ఎక్కు!" అన్నారిద్దరూ ఒకేసారి. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అదే.

బరువు కోసం నోర్మాన్ నాలుగు బస్తాల దుంపలు డిక్కీలో పడేశాడు. అన్నదమ్ములిద్దరూ బడికి పోయే పిల్లల్లా వెనక సీట్లో ఒదిగి కూర్చున్నారు. ఒదీల్ ఎక్కి తన చోట కూర్చుంది.

తన చోటంటే కుడివైపు. రోడ్డు పక్క డబ్బాలో ఉత్తరం వెయ్యాలంటే కుడి కిటికీలోంచే చెయ్యి చాపాలి, స్టీరింగేమో ఎడమవైపు ఏడ్చింది. అందుకని ఆ వృత్తిలో ఉన్నవాళ్ళంతా చేసే విన్యాసమే ఒదీల్‌దీను. కుడి కిటికీ పక్కన కూర్చోవాలి, ఎడమకాలు సాచి పెడళ్ళు తొక్కాలి, ఎడమచెయ్యి చాపి స్టీరింగు తిప్పాలి, కుడిచేత్తో ఉత్తరాలు వెయ్యాలి. అలా కూర్చోడానికి ముందు సీటు బెంచీలా అడ్డం లేకుండా ఉండాలి. ఆ బెంచీ సీటు కార్లు ఇప్పుడెవరూ చెయ్యరు. మెమేర్ పోతే అలాంటి ఇంకో మెమేర్ దొరకదని ఆమె గుండె పట్టుకోవడానికి సగం కారణం ఆ సీటే. ఆమె నడుము ఆ పదిహేనేళ్ళలో ప్రశ్నార్థకంలా వంగింది గానీ ఆమెను ప్రశ్నించినవాళ్ళు లేరు.

చర్చి వెనక కొండదారి పట్టింది. ఎక్కుతుంటే మెమేర్ రొప్పింది. నోర్మాన్ ముందు సీటు మీదుగా మెడ దూర్చి చూస్తున్నాడు.

"అలా దూరకు, ఊపిరి తగులుతోంది."

"చూడొద్దా మరి?"

"చూడు. ముల్లును చూడు. నన్ను కాదు."

కొండ మీద తిప్పుకుని, దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి గ్యారేజీ ముందు ఆపింది. హీటరు సందుల్లోంచి తియ్యటి వాసన ఏదో వస్తోంది. ఒదీల్ అది దుంపల వాసన అనుకుంది. నోర్మాన్ దుంపలతో నలభై ఏళ్ళు బతికినవాడు, అతను అలా అనుకోలేదు.

"ఇంజను ఆపకు. ఇప్పుడు చెప్పు, ముల్లు ఎక్కడుంది?"

ఒదీల్ కళ్ళద్దాలు తీసింది. కోటు అంచుతో తీరిగ్గా తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. విజయోత్సవాలు చేసుకునేటప్పుడు తొందరపడకూడదని ఆమె నమ్మకం.

"సగం. గీత మీద. గీసినట్టు. రా, నీ కళ్ళతో చూడు."

నోర్మాన్ దిగాడు. చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తెరిచాడు. స్టీరింగు ముందు సీటు ఖాళీగా ఉంది.

"వదినా, ఇటు జరుగు."

"ఎందుకు?"

"ఒక్కసారి. ఈ స్టీరింగు ముందుకు."

"నేనెప్పుడూ అక్కడ కూర్చోను."

"తెలుసు. పదిహేనేళ్ళలో ఎన్నిసార్లు కూర్చున్నావు?"

ఒదీల్ ఆలోచించింది. వారమంతా బట్వాడాలో కుడివైపే. ఆదివారం పూజకు వెళ్ళేటప్పుడు నడిపేది రోజేర్, తను కుడివైపే. కొన్న రోజున షాపువాడు కూర్చోబెట్టి ఫొటో తీశాడు, అదొక్కటి. ఇందులో ఏదో మోసం ఉందని కళ్ళు చిన్నవి చేసుకుని, బెంచీ మీద అంగుళం అంగుళం ఎడమకు జరిగింది. స్టీరింగు వెనక సర్దుకుని కూర్చుంది. తలెత్తి చూసింది.

ముల్లు ఎర్రగీతను ముట్టుకుంటోంది.

ఒదీల్ గబుక్కున కుడికి జరిగింది. సగం. ఎడమకు జరిగింది. ఎరుపు. కుడికి. సగం. ఎడమకు. ఎరుపు. పదిహేనేళ్ళ ధూళి ఆమె లంగాతో తుడుచుకుపోయి ఆ బెంచీ కొత్త సీటులా మెరిసింది గానీ, ముల్లు మాత్రం ఆమె ఎన్నిసార్లు జరిగినా జరగలేదు. జరిగింది ఆమే.

"నువ్వేదో చేశావు దీన్ని" అంది, కానీ గొంతులో మునుపటి బలం లేదు.

"నేనేం చెయ్యలేదు వదినా. చూడు." నోర్మాన్ తన చూపుడువేలు ఆమె మొహానికి ఎదురుగా నిలబెట్టాడు. "నా వేలు, గ్యారేజీ తలుపులోంచి కనిపిస్తున్న ఆ గోడ మీది క్యాలెండరుకు అడ్డంగా పెట్టాను. ఒక కన్ను మూసుకో. ఏ తేదీ మీదుంది?"

"ఇరవై."

"ఇప్పుడు ఆ చివరికి జరిగి చూడు."

జరిగింది. "పద్నాలుగు" అంది. ఆ అంకె తన నోటితోనే పలకాల్సి వచ్చినందుకు పళ్ళు నూరింది.

"నా వేలు కదిలిందా? లేదు. ముల్లు ఆ పలకకు అతుక్కుని ఉండదు, అర అంగుళం ఎత్తున నిలబడి ఉంటుంది. ఎదురుగా చూసినవాడికి ఒకచోట, పక్కనుంచి చూసినవాడికి ఒకచోట. నువ్వు పక్కనుంచి చూశావు. పదిహేనేళ్ళు. బండి బాగున్నప్పుడు దాని ముల్లు ఇంకా కింద ఉండేది, నీకు ఇంకా కిందే కనిపించేది, తేడా పట్టలేదు. ఇప్పుడది చచ్చేంత కాగుతుంటే నీకు సగంలో హాయిగా కూర్చున్నట్టుంది."

ఒదీల్ ఇంజను ఆపింది. ఆపాక ఆ కొట్టం ముందు నిశ్శబ్దంలో మెమేర్ లోపల ఏదో టిక్ టిక్‌మంటూ చల్లబడుతోంది. కొండ ఎక్కినప్పుడల్లా ఆమె ఆ డాష్‌బోర్డును తట్టి "శభాష్ మెమేర్" అనేది. జ్వరంతో మాడిపోతున్న ముసలమ్మను భుజం తట్టి పరుగెత్తించానే అనుకుంటే ఆమెకు ముల్లు ఎక్కడో గుచ్చుకుంది.

"నన్ను దొంగనన్నావు" అన్నాడు నోర్మాన్, కొంచెం మెత్తగా.

"నువ్వు నన్ను అబద్ధాలకోరన్నావు."

"అన్నాను."

"అయితే ఇద్దరికీ చెల్లు. కానీ" అని ఆమె వేలెత్తింది. ఒదీల్‌తో మాట్లాడేటప్పుడు ఆ 'కానీ' కోసం కాచుక్కూర్చోవాలి. "ఆగస్టు సంగతి ఇంకా తేలలేదు. నువ్వు జూలైలో ఊరికే అడిగావు. నడిపి చూసింది మొన్న బుధవారం. మరి ఆగస్టు పద్నాలుగున నీకు ఎవరు చెప్పారు కాగుతోందని?"

నోర్మాన్ వెనక సీటు వైపు చూశాడు. రోజేర్ ఇంకా కారులోంచి దిగలేదు. దిగకపోతే కనిపించనని అతని ఆశ.

ఒదీల్ కూర్చున్న చోటు చూసుకుంది. ఆదివారాలు ఈ స్టీరింగు ముందు, ఈ ముల్లుకు ఎదురుగా ఎవరు కూర్చుంటారో అప్పుడు తట్టింది. నిదానంగా వెనక్కి తిరిగింది.

"నీకు తెలుసు."

రోజేర్ తల ఊపాడు.

"ఎప్పటినుంచి?"

"వేసవి మొదట్లో. పూజకు వెళ్తుంటే కొండ మీద కనిపించింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు రోజంతా చూస్తూనే ఉన్నావు కదా. నాకు ఆదివారం ఒక్కరోజు కనిపించేది నీకు ఆరు రోజులూ కనిపించదా? నీకు తెలిసే నడుపుతున్నావనుకున్నాను."

"తెలిసి ఎందుకు నడుపుతాను?"

రోజేర్ ఉతికిన చొక్కా బొత్తాం తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"అది ఆగాలని నడుపుతున్నావేమో అనుకున్నాను, ఒదీల్. అది ఆగితే నువ్వూ ఆగుతానన్నావు అందరి ముందు. నడుం వంగిపోయింది, ఎడమకాలు వాస్తుంది, పొద్దున లేచేటప్పుడు మంచం పట్టుకుని లేస్తావు. ఇంక చాలనుకుంటున్నావేమో, ఆ మాట పైకి అనలేక కారును అనమంటున్నావేమో అనుకున్నాను. అడిగితే అవునంటావేమోనని భయమేసింది. ఇరవై ఏడేళ్ళు నడిపి, పద్నాలుగు నెలల ముందు దిగిపోతే, ఆ తర్వాత జన్మంతా నీ మొహం చూడాల్సింది నేనే కదా. అందుకని వీడికి చెప్పి ఎక్కడైనా కుడి స్టీరింగు బండి దొరికితే పట్టుకోమన్నాను. కారు పోయినా ఆ మర్నాడు నీకు చేతిలో ఇంకోటి ఉండాలని."

"మరి వేరేవాళ్ళు అడుగుతున్నారన్నది?"

"అది నా సొంతం" అన్నాడు నోర్మాన్ సిగ్గుపడుతూ. "అలా అంటేగానీ ఎవరూ కొనరు."

నాలుగైదు నెలలు ఒకే మంచం మీద ఇద్దరు పడుకుని, చెరో వైపునుంచి ఒకే ముల్లును చూస్తూ, ఒకరి గురించి ఒకరు అనుమానపడుతూ బతికారన్నమాట. ఆమె చెయ్యి వెనక్కి చాపి, రోజేర్ మోకాలి మీద ఒక్క దెబ్బ వేసింది. దెబ్బ వేసిన చెయ్యి వెంటనే వెనక్కి రాలేదు.

"మూర్ఖుడా. నాకు దిగాలని లేదు. పద్నాలుగు నెలలు కాదు, ఇంకా ఎక్కువే నడుపుతాను."

"అయితే ఆ మాట?"

ఒదీల్ కళ్ళు మెరిశాయి. ఊళ్ళో అందరి లాయరు ఉత్తరాలూ ఇరవై ఏడేళ్ళుగా మోసి మోసి కొంత న్యాయం ఆమె చేతికీ అంటింది. "నేనన్నది ఏంటి? ఈ కారు ఆగిన రోజు నేనూ ఆగుతానన్నాను. ఆగింది ఎక్కడ? ఇప్పుడే కొండ రెండుసార్లు ఎక్కి దిగింది. నడుస్తున్న కారును నేను నా ఇష్టంతో రోడ్డు దించేస్తే ఆ మాట వర్తించదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి రోడ్డు మధ్యలో ఆగి టో బండి ఈడ్చుకొచ్చిందంటే మాత్రం అయిపోయాను. నోరున్న ఊరు ఇది. నోర్మాన్, ఆ వ్యాను తుడిచి పెట్టు. సోమవారం దాంట్లో వెళ్తాను. మెమేర్ ఇంక రోడ్డెక్కదు."

నోర్మాన్ ఊపిరి వదిలాడు. "దేవుడు చల్లగా చూశాడు వదినా. ఇన్నాళ్ళు నిన్ను ఆ అడవిదారిలో పడెయ్యకుండా ఎలా తిరిగిందో నాకర్థం కాదు. ఇంజనును చల్లబరిచే కూలెంటు, ఇందాక తియ్యగా వాసన కొట్టిందే అదే, ఈపాటికి ఎండిపోయి ఉండాలి. వారానికి లీటరుకు పైనే తాగేస్తుంది ఇలాంటి ఇంజను." అంటూ అలవాటు కొద్దీ బానెట్ ఎత్తాడు. వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఏమైంది?"

"అన్నయ్యా, కూలెంటు పోస్తున్నది నువ్వేనా?"

"నేనా?" రోజేర్ దిగి వచ్చాడు. "బానెట్ ఎత్తే మీట ఎక్కడుందో కూడా నాకు తెలీదు. నువ్వు పోస్తున్నావనుకున్నాను."

"నేను బుధవారం ఆయిల్ మార్చాను. కూలెంటు ముట్టుకోలేదు. ఎటూ బండి మారుస్తావు కదా అని వదిలేశాను."

ముగ్గురూ వంగి చూశారు. తెల్లటి ప్లాస్టిక్ సీసాలో కూలెంటు పైగీత దాకా నిండుగా ఉంది. మూత చుట్టూ ఉండాల్సిన జిడ్డు లేదు. ఎవరో శుభ్రంగా గుడ్డపెట్టి తుడిచారు. నోర్మాన్ వేలు ముంచి వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"నారింజరంగు. ఈ లోయలో నేను అమ్మేది ఆకుపచ్చది. ఇది నా దగ్గర కొన్నది కాదు. పైగా ఒకసారి పోసింది కాదు. వారం వారం ఎవరో పోస్తున్నారు. తెలిసినవాడి చెయ్యి ఇది." అతను వదిన వైపు తిరిగాడు. "ఇంటి దగ్గర కారు ఎక్కడ పెడతావు?"

"షెడ్డులో. తాళం వేసి. తాళంచెవి నా మెడలో. పొద్దున పోస్టాఫీసు దగ్గర నా కళ్ళముందే ఉంటుంది."

"బట్వాడాలో?"

"దిగను కదా. కిటికీలోంచే వేస్తాను. నాలుగు వందల పన్నెండు డబ్బాల్లో నేను కారు దిగేది" అని ఒదీల్ ఆగిపోయింది.

"ఎన్నిచోట్ల?"

"ఒక్క చోట."

పదకొండు మైళ్ళ అడవిదారి ఉంది. దాని చివర ఒకే ఒక ఇల్లు, పొరుగు లేదు, ఫోను అందదు. ఆ ఇంట్లో ఉండేది తెలెస్ఫోర్ మిషో, ఎనభై ఒక్కేళ్ళ ముసలాయన. తుంటి విరిగి నాలుగేళ్ళుగా చక్రాల కుర్చీ దిగనివాడు. అందుకని ఆయనకు మాత్రం ఒదీల్ ఉత్తరాలు లోపలికి తీసుకెళ్ళి ఇస్తుంది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, ఉత్తరాలు చదివి వినిపించి, పావుగంటకు బయటికొస్తుంది. కారు పెరట్లో ఉంటుంది.

"అక్కడ ఇంకెవరుంటారు?" అన్నాడు రోజేర్.

"ఎవరూ ఉండరు. కుక్క కూడా లేదు."

"మరి లేవలేని మనిషి బానెట్ ఎలా ఎత్తుతాడు?"

ఒదీల్ బానెట్ దించి రెండు చేతులతో నొక్కి మూసింది.

"నోర్మాన్, ఆ వ్యాను తుడవొద్దు. సోమవారం మెమేర్‌లోనే వెళ్తాను."

"వదినా! ఇప్పుడే కదా అన్నావు! ఆ పదకొండు మైళ్ళలో గ్యాస్కెట్ ఊడిందంటే, ఆగిందంటే..."

"ఆగిందంటే నా ఉద్యోగం ఆగినట్టే. తెలుసు. వ్యానులో వెళ్తే బయటికి ఎవరూ రారు నోర్మాన్. ఈ కారు కోసమే వస్తున్నారు."

ఆమె వచ్చి కుడివైపు, తన చోట కూర్చుంది. తలుపు వేసుకోలేదు. అడవి ఉన్న దిక్కుకు చూస్తూ, ఎవరికీ కాకుండా తనకే చెప్పుకుంటున్నట్టు అంది.

"ఆ వంటింట్లో రెండు కుర్చీలున్నాయి. నాలుగేళ్ళుగా ముసలాయన నన్ను ఒక్క కుర్చీలోనే కూర్చోమంటాడు. పెరటి కిటికీకి వీపు పెట్టి."